చక్రాల బూట్ల మీద హాస్య లఘుచిత్రం: ముగింపు దగ్గర చిక్కుకుపోయాం

ప్రశ్న – హనుమకొండ తెలుగు పంతులు

అందరికీ నమస్కారం. నేను హనుమకొండలోని ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు బోధిస్తున్నాను. ఈ ఏడాది మా తొమ్మిదో తరగతి పిల్లలు సెల్‌ఫోనుతోనే ఇరవై అయిదు నిమిషాల హాస్య లఘుచిత్రం తీస్తామని పట్టుబట్టారు. కథ తామే రాసుకున్నారు. నన్ను భాష దిద్దమన్నారు. దిద్దుదామని ఎర్రసిరా కలం పట్టుకుని కూర్చుంటే అక్షరదోషాల కంటే ముందు కథలోనే రెండు చోట్ల ముల్లు గుచ్చుకుంది. నాకు తెలిసిన రంగం కాదు కనుక ఇక్కడ అడుగుతున్నాను.

కథ ఇది. రైల్వేలో పనిచేసే తండ్రికి సికింద్రాబాదు నుంచి కాజీపేటకు బదిలీ కావడంతో సిరి అనే అమ్మాయి దసరా సెలవుల తరువాత బడిలో చేరుతుంది. అప్పటికి తరగతిలో ఎవరి బెంచీ వారిది, ఎవరి జట్టు వారిది అయిపోయి ఉంటుంది. ఆమె తనతో తెచ్చుకున్నది ఒక జత ఇన్‌లైన్ స్కేట్లు, అంటే నాలుగు చక్రాలూ ఒకే వరుసలో ఉండే చక్రాల బూట్లు. ఇక్కడి ఆడపిల్లలకేమో కబడ్డీ తప్ప మరొకటి ఆటగా ఆనదు. మా పిల్లల రాతప్రతిలో సిరి మొదటి సగంలో ఏడుసార్లు కింద పడుతుంది, పడ్డప్పుడల్లా అందరూ నవ్వుతారు. రెండో సగంలో పందెంలో గెలుస్తుంది, అందరూ ఆమెను భుజాల మీదికి ఎత్తుకుంటారు.

మొదటిసారి పడినప్పుడు నేనూ నవ్వాను. మూడోసారికి జాలేసింది. అయిదోసారికి ఈ పిల్లను ఒక్కరూ దవాఖానకు తీసుకుపోరేమని కోపం వచ్చింది. ఇక ముగింపు సంగతి: ఇరవై రెండేళ్లుగా తరగతి గదులు చూస్తున్నవాడిగా నాకు తెలిసినంతవరకు, పందెంలో గెలిచిన కొత్త పిల్లకు చప్పట్లు దొరుకుతాయి గానీ మధ్యాహ్న భోజనం వేళ కొంచెం జరిగి చోటిచ్చే నేస్తం దొరకదు. ఈ మాట పిల్లలతో అంటే, "మరి గెలవకపోతే సినిమా ఎట్ల అయితది సార్?" అని నన్నే అడిగారు. నా దగ్గర జవాబు లేకపోయింది.

స్కేట్లు తొడుక్కున్నవారికి నిజంగా ఎదురయ్యే నవ్వు పుట్టించే ఇబ్బందులు ఏమిటి, మన ఊళ్లో ఏ చోట చిత్రీకరించవచ్చు, ఈ అమ్మాయి ఆ జట్టులో నమ్మదగిన తీరులో ఎలా కలుస్తుంది అన్నవి దయచేసి చెప్పగలరు.

జవాబు – ఆదివారం స్కేటరు

పంతులు గారికి నమస్కారం. నేను సుబేదారి ప్రాంతంలో ఉంటాను. కొన్నేళ్లుగా ఆదివారాలు చుట్టుపక్కల పిల్లలకు స్కేటింగ్ నేర్పుతున్నాను. మీ పిల్లల కథలో ఒక పొరపాటు ఉంది, అది సవరిస్తే మీ ముళ్లలో ఒకటి దానంతట అదే ఊడివస్తుందని నా నమ్మకం. సికింద్రాబాదులో నేర్చుకుని వచ్చిన అమ్మాయి ఏడుసార్లు పడదు. నేర్చినవారికి పడటం సమస్య కాదు, ఆగటం సమస్య.

వివరంగా చెబుతాను. మామూలు ఇన్‌లైన్ స్కేట్లలో కుడి బూటు మడమ వెనుక ఒక రబ్బరు దిమ్మ ఉంటుంది. అదే బ్రేకు. ఆగాలంటే ఆ కాలిని ముందుకు జరిపి, బొటనవేలి వైపు పైకెత్తి, మడమను నేలకు అదమాలి. చెప్పడానికి ఇంతే గానీ, భయపడ్డ మనిషి సహజంగా వెనక్కి వాలుతాడు, వెనక్కి వాలినవాడు నడుం కింది ఎముక మీద కూలబడతాడు. కొంచెం నేర్పు వచ్చాక వెనుక కాలిని అడ్డంగా తిప్పి నేల మీద ఈడ్చి ఆగుతారు, ఇలా ఆగితే చక్రాలు ఒక పక్కనే అరిగిపోతాయి. పందెపు స్కేట్లకైతే బ్రేకే ఉండదు, చక్రాలు కూడా 110 మిల్లీమీటర్ల దాకా పెద్దవిగా ఉంటాయి. సమతలమైన రింకులో నేర్చుకున్న పిల్ల అక్కడ నిదానంగా చుట్టు తిరుగుతూ వేగం తగ్గించుకోవడానికి అలవాటు పడి ఉంటుంది. అదే పిల్లను మన కాలనీ సిమెంటు రోడ్డు మీద, ఆ వాలులో, అతుకుల మధ్య, స్పీడ్ బ్రేకర్ల మధ్య వదిలితే ఆమె పడదు. ఆగక వెళ్లిపోతూనే ఉంటుంది, ఆగడానికి ఎదురుగా ఏది దొరికితే దాన్ని పట్టుకుంటుంది. అది కరెంటు స్తంభం కావచ్చు, నీళ్ల బిందె మోసుకొస్తున్న పెద్దమ్మ కావచ్చు, మీ కబడ్డీ జట్టు కెప్టెన్ కావచ్చు.

నా అనుభవమే చెబుతాను. మొదటి జత కొన్నప్పుడు దుకాణదారుడు "ఇది చిన్నపిల్లలకు సార్, మీకెందుకు" అంటూ బ్రేకు విప్పి పక్కన పెట్టాడు. నేనూ పెద్దమనిషి తరహాలో తల ఊపాను. మరునాడు తెల్లవారి మా వీధి వాలులో బయలుదేరి, మలుపు దగ్గర అప్పుడే బండి సర్దుకుంటున్న చెరుకురసం ఆయనను రెండు చేతులా కావలించుకుని ఆగాను. మొదట తిట్టాడు, తరువాత కూర్చోబెట్టి రసం తాగించాడు. ఇప్పటికీ నేను అటు వెళితే "బ్రేకు పెట్టించుకున్నవా సారూ?" అని అడగకుండా గ్లాసు చేతికివ్వడు. మా వీధిలో అంతకు ముందు ఆరేళ్లు ఉన్నాను, ఆయనతో ఒక్క మాట మాట్లాడింది లేదు.

చోటు విషయానికి వస్తే, కాజీపేట రైల్వే వంతెన వాలు పిల్లల కళ్లలో ముందుగా మెదులుతుంది. దయచేసి మొదటి రోజే దాన్ని కొట్టివేయండి, ఆ రద్దీలో కెమెరా పట్టుకుని నిలబడటానికే చోటుండదు. ఖిలా వరంగల్ తోరణాలు, వేయిస్తంభాల గుడి పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి, అక్కడ చక్రాలు దొర్లించడం తగదు, చిత్రీకరణకు అనుమతులు కూడా కావాలి. భద్రకాళి చెరువు కట్ట మీద ఉదయపు నడకకు వచ్చే పెద్దలు ఎక్కువ. మీ బడి గచ్చు, లేదా వాహనాలు తిరగని ఒక కాలనీ సందు చాలు. ముందు రోజు ఇసుక, కంకర ఊడ్పించండి. చక్రం కింద శనగగింజంత రాయి పడినా బూటు అక్కడే ఆగిపోతుంది, మనిషి ముందుకు వెళతాడు.

జవాబు – నాటకాల పిచ్చి

పైన స్కేటరు గారు చెప్పిన ఆగలేని అమ్మాయి మీ చిత్రానికి ప్రాణం. పడినవాడిని చూసి నవ్వేవారు దూరంగా నిలబడి నవ్వుతారు. ఆగలేనివాడు మాత్రం వచ్చి మన మీదే పడతాడు కనుక నవ్వేవారు కూడా ఆ దృశ్యంలో చిక్కుకుంటారు. హాస్యానికి ఆ చిక్కు కావాలి. పైగా ఈ సంగతి చక్రాల బూటు పుట్టిన నాటినుంచీ ఉంది. ఇప్పటి బెల్జియంలోని యుయీలో పుట్టి 1760లో లండన్ చేరిన జాన్ జోసెఫ్ మెర్లిన్ అనే యంత్రశిల్పి చక్రాల బూట్లు తయారు చేసి, అవి తొడుక్కుని, వయొలిన్ వాయిస్తూ ఒక సంపన్నుల విందులోకి దొర్లుకుంటూ వెళ్లాడట. వేగం తగ్గించడానికి గానీ దారి మళ్లించడానికి గానీ వీలు లేకపోవడంతో అయిదు వందల పౌండ్లకు పైగా విలువచేసే నిలువుటద్దాన్ని గుద్ది, అద్దాన్నీ వయొలిన్‌నూ పగలగొట్టి, తానూ గాయపడ్డాడని తరువాతి కాలంలో రాసినవారు చెబుతారు. వంద సంవత్సరాల తరువాత, 1863లో, న్యూయార్క్‌లో జేమ్స్ ప్లింప్టన్ ఒరిగితే మలుపు తిరిగే నాలుగు చక్రాల స్కేటు చేశాడు. 1980లో మినియాపొలిస్‌కు చెందిన ఓల్సన్ సోదరులు, ఐస్ హాకీ ఆడేవారు, పాత ఒక వరుస చక్రాల నమూనాను బాగుచేసి మళ్లీ వీధుల్లోకి తెచ్చారు. మీ సైన్సు ఉపాధ్యాయుడి పాత్ర ఒకటి ఉంటే ఈ మెర్లిన్ కథను గంభీరంగా చెబుతుండగా, కిటికీ వెనుక నుంచి సిరి అటు నుంచి ఇటు ఒకసారి, ఇటు నుంచి అటు మరొకసారి దొర్లుకుంటూ పోవాలి. మాట అవసరం లేదు.

ఇంకొక చోటు సూచిస్తాను. ఏనుమాముల మార్కెట్ యార్డు. అంత విశాలమైన సిమెంటు నేల మన దగ్గర మరొకటి తేలికగా దొరకదు. మిర్చి సీజనులో అక్కడ పిల్లలను వదలమని నేను అనను, రైతులకు అడ్డం, పిల్లలకు ఘాటు. సెలవు రోజున అధికారుల అనుమతితో ఖాళీ గచ్చు మీద తీసుకుని, బస్తాలు మీరే నాలుగు పేర్చుకోవచ్చు. ఆగలేని సిరికి ఎదురుగా మిరపకాయల కుప్ప! అది చపాటా మిర్చి అయితే, ఈ మధ్య 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన టమాటా మిరప, కారం తక్కువ, రంగు ఎక్కువ కనుక ఆమె ఎర్రగా లేస్తుంది, అంతే. తేజ రకం అయితే చిత్రీకరణ అక్కడితో సమాప్తం. ఈ తేడా తెలిసిన రైతు ఒకడు కుప్ప పక్కన కూర్చుని "చపాటా దిక్కు తిరుగు బిడ్డా, చపాటా దిక్కు!" అని అరిస్తే వరంగల్ ప్రేక్షకుడు కుర్చీలో నిలవడు. నిజం కుప్ప వద్దు, ఎర్ర కాగితాలతో చేయించండి.

భాష గురించి ఒక మాట. సికింద్రాబాదు నుంచి వచ్చిన పిల్ల హిందీ కలిపి మాట్లాడుతుంది, ఇక్కడివారు తమ యాసలో మాట్లాడతారు. ఆ తేడాను సంభాషణల్లో ఉంచండి గానీ దానినే నవ్వుగా చేయకండి. మన యాసను చాలాకాలం వెండితెర మీద హాస్యగాడికీ రౌడీకీ అప్పగించారు. ఇప్పుడు మనం అదే పనిని మరొకరి మాట మీద చేయడం అందంగా ఉండదు.

ముగింపు విషయంలో మీ అనుమానం సరైనదే, పందెం మాత్రం వదులుకోకండి. 2023 అక్టోబరు 2న హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో పురుషుల 3000 మీటర్ల రిలే స్కేటింగ్ ఫైనల్ వీలుంటే పిల్లలకు చూపించండి. ముందున్న కొరియా ఆటగాడు గెలిచాననుకుని గీత దాటకముందే చేతులు పైకెత్తాడు. వెనుక వస్తున్న తైవాన్ ఆటగాడు కాలు ముందుకు చాచి 0.01 సెకను తేడాతో స్వర్ణం పట్టుకుపోయాడు. మన జట్టుకు అదే పందెంలో కాంస్యం వచ్చింది, అదే రోజు అమ్మాయిల రిలేలో కూడా. ఒకరు ఆగలేక అద్దాన్ని గుద్దితే, ఒకరు ఆగాల్సిన దానికంటే ముందే ఆగిపోయారు.

జవాబు – ఫిజియో అమ్మ

నేను ఫిజియోథెరపిస్టును, స్కేటింగ్ చేసే ఒక కూతురికి తల్లిని. మీ చర్చ ఆసక్తిగా ఉంది గానీ ఇప్పటివరకు ఎవరూ రక్షణ సామాగ్రి మాట ఎత్తలేదు. ఇన్‌లైన్ స్కేటింగ్‌లో ఎక్కువగా దెబ్బ తినేది మణికట్టు, ఎందుకంటే పడేటప్పుడు అరచేయి నేలకు ఆనించడం మనిషి స్వభావం. కాబట్టి హెల్మెట్, మణికట్టు పట్టీలు, మోచేతి, మోకాలి తొడుగులు లేకుండా ఒక్క దృశ్యం కూడా తీయకండి. పడే దృశ్యం ఒకటి ఉంచుకున్నా మోకాళ్లు వంచి, ముందుకు, తొడుగుల మీద పడటం నేర్పించిన తరువాతే తీయండి. పిల్ల ముఖం కనపడదని హెల్మెట్ తీయించే దర్శకుడు మీ తరగతిలో తప్పకుండా ఒకడు ఉంటాడు.

అయితే నేను చెప్పదలచింది జాగ్రత్తల గురించి మాత్రమే కాదు. మా అమ్మాయి బడి మారినప్పుడు ఆమెను వెక్కిరించింది స్కేట్లను చూసి కాదు, ఈ తొడుగులను చూసి. యూనిఫాం చుడీదారు మీద మోకాలి తొడుగులు, చేతులకు పట్టీలు వేసుకుని మెట్లు దిగుతుంటే "వికెట్ కీపర్ వచ్చింది" అన్నారు. ఆ పేరు మూడు నెలలు నిలిచింది. తరువాత ఒక రోజు కబడ్డీ ఆడే పిల్ల మోకాలు చెక్కుకుపోయి, ఎవరూ చూడకుండా వచ్చి, "నీ మోకాలువి ఒక్కరోజు ఇస్తవా?" అని అడిగింది. మా అమ్మాయి ఇచ్చింది. వారం తిరిగేసరికి ఒకే జత తొడుగులను ముగ్గురు పంచుకునేవారు, ఒకరికి ఎడమది, మరొకరికి కుడిది. పేరు మాత్రం పోలేదు. ఇప్పుడు ముగ్గురినీ వికెట్ కీపర్లు అంటారు, వాళ్లే అనుకుంటారు. పంతులు గారు అడిగిన మధ్యాహ్న భోజనపు చోటు అట్లా దొరికింది.

జవాబు – ఆదివారం స్కేటరు

ఫిజియో గారు చెప్పింది వినడానికి ఎంతో బాగుంది, ఒక్క సవరణ: స్కేటింగ్ మోకాలి తొడుగు పైన గట్టి ప్లాస్టిక్ చిప్ప ఉంటుంది. దానితో కబడ్డీ పట్టు పడితే ఎదుటివారి పక్కటెముకలకు ప్రమాదం. ఒంటరి సాధనకు సరే, ఆటలో వద్దు. (కథలో మాత్రం పట్టిన ప్రతివాడూ "అమ్మో!" అని వదిలేయడం, ఆ చిప్ప కారణమని వ్యాయామ ఉపాధ్యాయుడు ఆలస్యంగా కనిపెట్టడం ఒక దృశ్యానికి సరిపోతుంది.)

నాటకాల పిచ్చి గారు రిలే ప్రస్తావన తేవడం మంచిదైంది. పరుగుపందెపు రిలేలో కర్ర చేతులు మారుతుంది కదా, స్కేటింగ్ రిలేలో కర్ర ఉండదు. జట్టుకు ముగ్గురు; వెనుక నుంచి వచ్చేవారు ముందున్న నేస్తం నడుము మీద రెండు చేతులూ ఆనించి బలంగా తోస్తారు, తమ వేగమంతా ఆ తోపులో అప్పగించి పక్కకు తప్పుకుంటారు. ఆ తోపు సరిగా పడకపోతే ముందువారు బోర్లా పడతారు, మరీ మెత్తగా పడితే పందెం పోతుంది. నేను పిల్లలకు నేర్పేవాటిలో అన్నిటికంటే ఆలస్యంగా వచ్చేది ఇదే, ఎందుకంటే వెనుక ఎవరున్నారో చూడకుండా నడుము అప్పగించాలి. 2010లో గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రెండు కాంస్యాలు తెచ్చిన మన హైదరాబాదు అనూప్ కుమార్ యామా విభాగం వేరు, కళాత్మక స్కేటింగ్. అయినా ఆ రెంటిలో ఒకటి జంటగా సాధించినదే.

జవాబు – హనుమకొండ తెలుగు పంతులు

మీ ముగ్గురికీ మా తరగతి తరఫున ధన్యవాదాలు. మీ జవాబులను నిన్న చివరి పీరియడ్‌లో యథాతథంగా చదివి వినిపించాను. చెరుకురసం సంగతి దగ్గర రెండుసార్లు చదవమన్నారు. తరువాత జరిగిన చర్చలో నేను మాట్లాడింది తక్కువ, కాబట్టి ఈ నిర్ణయాల మంచిచెడ్డలు వారివే.

ఏడు పతనాలు ఒకటయ్యాయి. మిగిలిన ఆరు చోట్ల సిరి ఆగలేక ఎవరో ఒకరిని పట్టుకుంటుంది: మొదట ధ్వజస్తంభం, తరువాత వ్యాయామ ఉపాధ్యాయుడు, తరువాత వరుసగా కబడ్డీ జట్టులో ఒక్కొక్కరు. మెర్లిన్ దృశ్యం ఉంటుంది. సైన్సు ఉపాధ్యాయుడిగా నన్నే వేయమన్నారు. తేజ, చపాటాల మాట పెట్టడానికి ఏనుమాముల దాకా పోలేము గానీ, తరగతిలో ఇద్దరు మిరప రైతుల పిల్లలు ఉండటంతో ఆ రైతు సంభాషణ కోసం ఇద్దరూ పోటీ పడుతున్నారు.

పందెం గురించి మాత్రం వాదన గంటసేపు జరిగింది. గెలవాలని కొందరు, ఓడాలని కొందరు. చివరికి వెనుక బెంచీ నుంచి సాధారణంగా నోరు విప్పని ఒక అమ్మాయి, "సార్, రిలేకు ముగ్గురు గావాలె, స్కేట్లు ఒక్క జతే ఉన్నయి కదా" అంది. అందరూ ఒక్కసారి నిశ్శబ్దమయ్యారు, తరువాత ఒకటే నవ్వు. ఇప్పుడు ముగింపు ఇదీ: ముగ్గురి జట్టు, ఒకే జత స్కేట్లు. మీట నొక్కితే పొడవు మారే రకం కనుక మూడు పాదాలకూ సరిపోతాయి. ఒక్కొక్కరు తమ వంతు పూర్తి కాగానే నేల మీద కూలబడి, బకిళ్లు విప్పి, పక్కవారి కాలికి తొడిగి, పొడవు సరిచేసి, లేపి నిలబెట్టి, నడుము పట్టుకుని తోయాలి. ఎదుటి జట్టు పందెం ముగించుకుని, చేతులు ఎత్తి, పతకాలు తీసుకుని, ఫోటోలు దిగి, టిఫిన్లు తిని వచ్చి చూసేసరికి వీళ్లు రెండో మార్పిడిలో ఎడమ బూటు బకిలు దగ్గర ఉంటారు. కబడ్డీ కెప్టెన్ జీవితంలో మొదటిసారి స్కేట్ల మీద నిలబడుతుంది. ఆమెకు బ్రేకు వేయడం రాదు. సిరి వెనుక నుంచి తోసి, అప్పుడు గుర్తు తెచ్చుకుని, వట్టి కాళ్లతో ఆమె వెంట పరుగెత్తుతుంది. గీత దాటారా లేదా అన్నది చూపించకుండా, ఇద్దరూ కలిసి ధ్వజస్తంభాన్ని పట్టుకున్న చోట ఆపుతాం.

"గెలవకపోతే సినిమా ఎట్ల అయితది" అని అడిగిన అబ్బాయే ఇప్పుడు కెమెరా పట్టుకుంటున్నాడు. ధ్వజస్తంభానికి పరుపు చుట్టాలా వద్దా అన్నది ఒక్కటే తేలలేదు.

జవాబు – ఫిజియో అమ్మ

చుట్టాలి. కెప్టెన్‌కు కూడా హెల్మెట్ పెట్టాలి.

జవాబు – ఆదివారం స్కేటరు

ఆదివారం ఉదయం ఆరున్నరకు బడి దగ్గరికి వస్తాను, ఎండ ఎక్కకముందే సాధన పూర్తి చేద్దాం. చక్రాలు బిగించడానికి 4 మిల్లీమీటర్ల అలెన్ కీ నేను తెస్తాను, మీరు రెండు చీపుర్లు సిద్ధంగా ఉంచండి. ఆ స్కేట్లకు బ్రేకు ఉందో లేదో మాత్రం ఈ రోజే ఒకసారి చూసి చెప్పండి.